ఒడిశా సరిహద్దు జిల్లాల్లో డాబాపై సౌర విద్యుత్తు: సబ్సిడీతో పెట్టించుకునే విధానం

ప్రధానమంత్రి సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన 2024 ఫిబ్రవరి 13న ప్రారంభమైంది. కోటి ఇళ్ల పైకప్పులపై సౌర ఫలకాలు పెట్టించడం దీని లక్ష్యం. ఇందుకు కేంద్రం 75,021 కోట్ల రూపాయలు కేటాయించి, 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు గడువు పెట్టుకుంది. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల్లోని తెలుగు కుటుంబాలు ఈ పథకం గురించి వినేది ఎక్కువగా ఆంధ్రలోని బంధువుల నోట, లేదా తెలుగు వీడియోల్లో. అక్కడ వినిపించే లెక్కలు ఇక్కడ సగమే వర్తిస్తాయి. కేంద్రం ఇచ్చే సొమ్ము అంతటా ఒకటే గాని, రాష్ట్రం కలిపే సొమ్ము, కరెంటు ధరలు, దరఖాస్తును పరిశీలించే పంపిణీ సంస్థ మాత్రం సరిహద్దు దాటగానే మారిపోతాయి. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్, నవరంగపూర్, మల్కనగిరి జిల్లాలకు కరెంటు ఇచ్చేది టీపీఎస్‌ఓడీఎల్ (టీపీ సదరన్ ఒడిశా డిస్ట్రిబ్యూషన్ లిమిటెడ్) అనే పంపిణీ సంస్థ. పాత సౌత్‌కో స్థానంలో 2021 జనవరి 1 నుంచి ఈ సంస్థ పనిచేస్తోంది. ఇందులో టాటా పవర్‌కు 51 శాతం, ఒడిశా ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉన్నాయి.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. పథకం పేరులోని ముఫ్త్ అంటే ఉచితం, నెలకు 300 యూనిట్ల దాకా ఉచితమన్న మాటా వినిపిస్తుంది. అంత మాత్రాన ప్రభుత్వం ఆ 300 యూనిట్ల బిల్లును మాఫీ చేయదు. 3 కిలోవాట్ల ఫలకాలు నెలకు సుమారు 300 యూనిట్లకు పైగా ఉత్పత్తి చేయగలవు, ఆ మేరకు మీ బిల్లు తగ్గుతుంది, అంతే. ఫలకాలకు ముందు మీరు ఖర్చు పెట్టాలి, సబ్సిడీ తరువాత మీ ఖాతాలో పడుతుంది.

ఎంత వస్తుంది, ఎంత సామర్థ్యం పెట్టించుకోవాలి

కేంద్రం మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, మూడో కిలోవాటుకు 18,000 రూపాయలు ఇస్తుంది. కాబట్టి 3 కిలోవాట్లకు గాని, అంతకు మించి ఎన్ని పెట్టినా గాని కేంద్రం నుంచి వచ్చేది 78,000 రూపాయలే. దీనికి అదనంగా ఒడిశా ప్రభుత్వం 1 కిలోవాటుకు 25,000, 2 కిలోవాట్లకు 50,000, 3 కిలోవాట్లకు 60,000 రూపాయలు ప్రకటించింది. రెండూ కలిపితే వరుసగా 55,000, 1,10,000, 1,38,000 రూపాయలు అవుతాయి.

ఈ అంకెలను జాగ్రత్తగా చూసినవారికి ఒక విషయం బోధపడుతుంది. మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 55,000 రూపాయలు వస్తుండగా, మూడోదానికి వచ్చేది 28,000 మాత్రమే. 1,38,000 అన్న పెద్ద అంకెను చూపించి అందరికీ 3 కిలోవాట్లే అంటగట్టే వెండర్లు, అంటే ఫలకాలు అమ్మి బిగించేవారు, ఉంటారు. వారి మాటకంటే మీ ఇంట్లోని పన్నెండు నెలల బిల్లులను నమ్మడం మేలు. 1 కిలోవాటు రోజుకు సగటున 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్ల వరకు ఇస్తుంది. వానాకాలంలో, ముఖ్యంగా ముసురు ఎక్కువగా పట్టే కొరాపుట్ కొండ ప్రాంతంలో, ఇది బాగా తగ్గుతుంది.

నెలకు 150 యూనిట్లు వాడే ఇంటిని తీసుకుందాం. ఒడిశాలో గృహ వినియోగానికి మొదటి 50 యూనిట్ల ధర సుమారు 3 రూపాయలు, అక్కడి నుంచి 200 యూనిట్ల దాకా 5 రూపాయలలోపు, ఆ పైన 6 రూపాయలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఈ ఇంటివారు 1 కిలోవాటు పెట్టిస్తే ఎక్కువ ధర పలికే పై యూనిట్లు ముందు తగ్గుతాయి కనుక నెలకు సుమారు 500 రూపాయలు మిగులుతాయి. రెండో కిలోవాటు వల్ల మరో 100 రూపాయలో, కొంచెం ఎక్కువో మిగులుతాయి. మూడోదాని వల్ల ఆ ఇంటికి దాదాపు ఏమీ మిగలదు. వాడుకకు మించి గ్రిడ్‌లోకి, అంటే పంపిణీ సంస్థ లైన్లలోకి, పంపిన యూనిట్లకు చేతికి వచ్చే డబ్బును ఆదాయంగా లెక్క వేసుకోవడం నా దృష్టిలో తొందరపాటే. వెండరు చెప్పిన ధరలోంచి సబ్సిడీ తీసివేసి, మిగిలిన సొమ్మును ఏడాది ఆదాతో భాగించి చూసుకోండి. నెలకు 100 యూనిట్ల లోపు వాడేవారికి 1 కిలోవాటు, 220 దాకా వాడేవారికి 2 కిలోవాట్లు సరిపోతాయి. వేసవిలో ఏసీ నడిపే ఇళ్లు, నెలకు 250 యూనిట్లు దాటే ఇళ్లు మాత్రమే మూడోదాని గురించి ఆలోచించాలి.

పైకప్పు సరిపోతుందా

1 కిలోవాటుకు నీడ పడని చోటు సుమారు 100 చదరపు అడుగులు, అంటే 10 చదరపు మీటర్లు కావాలి. గ్రామీణ ఆవాస్ యోజన కింద కట్టుకునే ఇంటికి కనీస విస్తీర్ణం 25 చదరపు మీటర్లు. అటువంటి ఇంటి స్లాబు మీద 2 కిలోవాట్లే కష్టంగా పడతాయి. అందులో నీళ్ల ట్యాంకు, మెట్ల గది కూడా ఉంటే 1 కిలోవాటుతో సరిపెట్టుకోవడం తెలివైన పని. ఫలకాలు దక్షిణం వైపు వాలి ఉండాలి. కొబ్బరి చెట్టు నీడ ఉదయం ఒక మూల మీద పడినా ఆ వరుసలోని ఫలకాలన్నింటి ఉత్పత్తి తగ్గవచ్చు కాబట్టి, నీడను ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగుకు మూడుసార్లు చూసుకోవాలి. పాత సిమెంటు రేకుల కప్పు ఈ బరువుకు పనికిరాదు.

ఈ పథకం నివాస గృహాలకు, గృహ సముదాయాల ఉమ్మడి అవసరాలకు మాత్రమే. కుల సంఘం కట్టించిన కల్యాణ మండపానికో, వీధి చివర ప్రైవేటు బడికో దీని కింద సబ్సిడీ రాదు. ఆ ఆశతో చందాలు వసూలు చేయకుండా ఉండడం మంచిది.

కాగితాలు: అసలు చిక్కు ఇక్కడే

మన ప్రాంతపు తెలుగు ఇళ్లలో దరఖాస్తులు ఆగిపోవడానికి ప్రధాన కారణం పైకప్పూ కాదు, డబ్బూ కాదు, పేర్లు. కరెంటు బిల్లు మీద ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకు పాస్‌బుక్‌లో మరొక పేరు ఉంటాయి. మనవారు ఇంటిపేరును ముందు రాస్తారు, ఇక్కడి కార్యాలయాల్లో దానిని చివరకు మారుస్తారు. ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలితే, మరోచోట పూర్తిగా ఉంటుంది. అప్పలనాయుడు అన్న పేరు ఒకచోట ఒకే పదంగా, మరోచోట రెండు పదాలుగా, ఇంకోచోట ఒక అక్షరం తగ్గి కనిపిస్తుంది. తెలుగు ఉచ్చారణను ఒడియాలో విని, ఇంగ్లీషులో టైపు చేసినప్పుడు ఇలా జరగడం సహజమే. మనిషికి ఇది చిన్న తేడాగా తోచినా, కంప్యూటరుకు వీరు ముగ్గురు వేర్వేరు మనుషులు. అందుకే వెండరుతో మాట్లాడడానికి ముందే ఈ మూడు కాగితాలనూ ఒక బల్ల మీద పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం పోల్చి చూడండి.

తేడా ఉంటే దేనిని సవరించాలన్నది తరువాతి ప్రశ్న. ఆధార్‌లోని పేరును స్థిరంగా ఉంచి, కరెంటు కనెక్షన్ పేరునూ బ్యాంకు ఖాతా పేరునూ దానికి సరిపడేలా మార్పించుకోవడం తేలిక. ఆధార్‌ను ముట్టుకుంటే రేషను కార్డు నుంచి పిల్లల బడి రికార్డుల దాకా అన్నీ కదులుతాయి.

కరెంటు కనెక్షన్ ఇంకా చనిపోయిన తాతగారి పేరు మీదో, నాన్నగారి పేరు మీదో ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. అలా ఉన్నప్పుడు దరఖాస్తుకు ముందే పేరు మార్పు పూర్తి చేయించుకోవాలి. దీనికి మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం, ఇంటి హక్కు కాగితం, పాత బకాయిలు లేవని తేలే తాజా బిల్లు సిద్ధం చేసుకోవాలి. అన్నదమ్ములు ఉంటే వారి అంగీకార పత్రం కూడా తీసి ఉంచండి. తహసీలు కాగితాలన్నీ ఒడియాలో ఉంటాయి. ఒడియా చదవడం రాని పెద్దవారు ఆ భాషలోనే చదువుకున్న ఇంటి పిల్లల చేత వాటిని గట్టిగా చదివించుకున్నాకే సంతకం చేయాలి. ఉమ్మడి ఇల్లయితే డాబా ఎవరి వాటాలోకి వస్తుందో కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. ఫలకాలు పాతికేళ్లు ఉండే వస్తువు, పంపకాలు అంతకన్నా ముందే రావచ్చు.

దరఖాస్తు చేయడం

పథకానికి పీఎం సూర్యఘర్ జాతీయ పోర్టల్ ఉంది. అందులో మీ సొంత మొబైల్ నంబరుతో నమోదు చేసుకుని, రాష్ట్రంగా ఒడిశాను, పంపిణీ సంస్థగా టీపీఎస్‌ఓడీఎల్‌ను ఎంచుకుని, బిల్లు మీది వినియోగదారు సంఖ్యను నమోదు చేయాలి. సొంత నంబరు అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. అన్నీ నేనే చూసుకుంటానని వెండరు తన నంబరుతో ఖాతా తెరిస్తే, ఆ తరువాత వచ్చే ప్రతి సమాచారమూ, ప్రతి ఓటీపీ అతనికే వెళ్తాయి. నెట్ వాడడం రానివారు ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలు అందించే మో సేవా కేంద్రానికి వెళ్లవచ్చు. అక్కడ కూడా నంబరు మీదే ఉండాలి. 10 కిలోవాట్ల లోపు దరఖాస్తులకు సాంకేతిక సాధ్యత పరిశీలన అక్కర లేకుండానే ఆమోదం లభించినట్టు భావించాలని 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు చెబుతున్నాయి. మీ ట్రాన్స్‌ఫార్మరు చాలదనే కారణంతో ఎవరైనా చిన్న దరఖాస్తును ఆపితే ఈ నియమాన్ని గుర్తు చేయండి.

చేతిలో డబ్బు లేనివారికి 3 కిలోవాట్ల లోపు ఏర్పాటుకు 2 లక్షల రూపాయల వరకు పూచీకత్తు లేని బ్యాంకు రుణం దొరుకుతుంది. వడ్డీ రిజర్వు బ్యాంకు రెపో రేటుతో ముడిపడి ఉంటుంది కనుక మామూలు వ్యక్తిగత రుణం కన్నా చాలా తక్కువ. సబ్సిడీ పడగానే దానిని రుణంలోకి జమ చేస్తే వాయిదా భారం తేలికవుతుంది.

వెండరుతో ఒప్పందం, తుఫాను గాలి

పోర్టల్‌లో నమోదైన వెండరునే ఎంచుకోవాలి, లేకపోతే సబ్సిడీ రాదు. కనీసం ఇద్దరి దగ్గర ధర రాయించుకోండి. ధర పత్రంలో నెట్ మీటరు (గ్రిడ్ నుంచి తీసుకున్న, గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్లను లెక్కించే మీటరు) ఖర్చు, ఎర్తింగు, పిడుగు నిరోధకం, నిర్మాణపు ఎత్తు కలిసి ఉన్నాయో లేదో అడగాలి. తక్కువ ధర చెప్పేవారు తరచుగా వీటినే వదిలేస్తారు. సబ్సిడీ ఫలకాలకు దేశంలోనే తయారైన సెల్స్, మాడ్యూల్స్ తప్పనిసరి. ఈ రంగంలో వాటిని డీసీఆర్ ఫలకాలు అంటారు. ప్రతి ఫలకం వరుస సంఖ్యతో సహా డీసీఆర్ ధ్రువపత్రం తీసుకుని, పైకి ఎక్కించే ముందే వెనుక ఉన్న సంఖ్యలతో సరిచూసుకోండి. అయిదేళ్ల నిర్వహణ బాధ్యత వెండరుదే, అది ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి.

నిర్మాణం విషయంలో మాత్రం పైసా తగ్గించుకోకూడదన్నది నా గట్టి అభిప్రాయం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. కోస్తా ఒడిశాకు, కట్టడాలపై గాలి ఒత్తిడి లెక్కకు వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో సూచించిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. మీ నిర్మాణం ఈ వేగానికి లెక్క కట్టినదేనా అని అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. వేడి జింకు పూత పట్టించిన ఉక్కు వాడాలి. కాళ్లు స్లాబులోకి రసాయన యాంకర్లతో గాని, కాంక్రీటు దిమ్మెలతో గాని దిగాలి, పిట్టగోడకు కట్టి వదిలేయకూడదు. డాబా మీద బట్టలు ఆరేసుకోవడానికి, పడుకోవడానికి వీలుగా ఎత్తుగా కట్టమని చాలామంది అడుగుతారు. ఎత్తు పెరిగిన కొద్దీ గాలి ఒత్తిడి పెరుగుతుంది. గంజాం తీరానికి దగ్గర ఉన్నవారు ఆ కోరికను వదులుకోవడమే క్షేమం.

మరొక సంగతి. గ్రిడ్‌కు కలిపిన ఏర్పాటులో బ్యాటరీ ఉండదు, లైన్‌లో కరెంటు పోతే భద్రత కోసం ఫలకాల కరెంటును ఇంటి వాడుకకు తగ్గట్టు మార్చే మీ ఇన్వర్టరు కూడా ఆగిపోతుంది. తుఫాను తరువాత వారం రోజులు లైన్లు లేనప్పుడు పైన ఎండ కాస్తున్నా ఇంట్లో దీపం వెలగదు. అది కావాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు పెట్టించుకోవాలి, ఆ బ్యాటరీ ఖర్చుకు సబ్సిడీ లేదు.

తనిఖీ నుంచి సబ్సిడీ వరకు

ఫలకాలు బిగించాక వెండరు వివరాలను, ఫొటోలను పోర్టల్‌లో పెడతాడు. పంపిణీ సంస్థ ఇంజనీరు వచ్చి పరిశీలించి, నెట్ మీటరు బిగించి, ప్రారంభ ధ్రువపత్రం ఇస్తారు. ఆ తరువాత మీ బ్యాంకు వివరాలు, రద్దు చేసిన చెక్కు ఇచ్చి సబ్సిడీకి మీరే కోరాలి. ఈ చివరి అడుగు మరచిపోయి, డబ్బు దానంతట అదే వస్తుందని ఎదురుచూసేవారు ఉన్నారు. కేంద్ర సబ్సిడీ సాధారణంగా 30 రోజుల్లో పడాలి. రాష్ట్ర సబ్సిడీ పడిందో లేదో పాస్‌బుక్‌లో విడిగా చూసుకోండి. ధ్రువపత్రం చేతికి వచ్చేదాకా వెండరుకు పూర్తి సొమ్ము ఇవ్వకండి.

మొదటి బిల్లు వచ్చినప్పుడు గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లు, గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్లు రెండూ విడివిడిగా ఉన్నాయేమో చూడండి. ఇచ్చిన యూనిట్ల వరుస ఖాళీగా ఉంటే మీటరు మారినా బిల్లింగ్ రికార్డు మారలేదని అర్థం. వెంటనే సెక్షన్ కార్యాలయంలో లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు తీసుకోవాలి. పథకానికి సంబంధించిన సందేహాలకు 15555, కరెంటు ఫిర్యాదులకు 1912 నంబర్లు ఉన్నాయి. అక్కడ తేలకపోతే విద్యుత్ చట్టం, 2003 ప్రకారం ఏర్పాటైన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, ఆ తీర్పు నచ్చకపోతే అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. సెక్షన్ కార్యాలయం ఇచ్చిన రసీదు, ప్రారంభ ధ్రువపత్రం, నెట్ మీటరు బిగించిన తరువాతి బిల్లుల నకళ్లు ఆ దరఖాస్తుకు జత చేయాలి.