విశాఖలో పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పడం ఎలా మొదలుపెట్టాలి?

మా కాలనీ పిల్లల్ని వెంటబెట్టుకుని మొదటిసారి కోర్టులోకి దిగిన రోజు నా దగ్గర రెండు బంతులు, ఒక విజిల్ ఉన్నాయి. పిల్లలు పన్నెండు మంది. అందరినీ వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి చేత రింగులోకి వేయించాను. అరగంట గడిచాక నాలుగో తరగతి పాప ఒకతి వచ్చి, "సార్, నాకు మళ్లీ బాల్ ఎప్పుడొస్తాది?" అని అడిగింది. ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. గంటసేపు రెండు బంతులు పన్నెండు మంది పంచుకుంటే తలా పది నిమిషాలు. నేను మాట్లాడిన సమయం తీసేస్తే అదీ లేదు. మిగతా సేపంతా ఆ పిల్లలు ఊరికే నిలబడ్డారు. అప్పటినుంచి ప్రతి ప్రాక్టీసుకూ ఇదే లెక్క చూసుకుంటున్నాను: ఒక్కో పిల్ల చేతిలో బంతి ఎంతసేపు ఉంది?

ముందు బంతులు

12 ఏళ్ల లోపు పిల్లలకు 5వ సైజు బంతి కావాలి. 7వ సైజు మగవాళ్లది, 6వది ఆడవాళ్లది. పెద్దల బంతి ఇస్తే బరువు ఆపలేక నడుము దగ్గర్నుంచి రెండు చేతులతో విసరడం మొదలుపెడతారు. ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం. సిమెంటు కోర్టు మీద తోలు బంతి తొందరగా అరిగిపోతుంది, రబ్బరుది చాలు. కాస్కో, నివియా లాంటివి స్పోర్ట్స్ షాపుల్లో దొరుకుతాయి. వీలైతే ఎవరి బంతి వాళ్లనే కొనుక్కోమనండి. సాయంత్రం మేడ మీద కొట్టుకునే పది నిమిషాలు కూడా మన లెక్కలోకే వస్తాయి.

రింగు మామూలుగా నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చిన్నపిల్లల మినీ బాస్కెట్‌బాల్‌లో 2.60 మీటర్లే. మనకు దొరికే కోర్టుల్లో రింగు దించే వీలు దాదాపు ఉండదు కాబట్టి, పక్క గోడ మీద 2.60 మీటర్ల ఎత్తున చాక్‌పీసుతో గుండ్రం గీసి, మొదటి వారాల్లో అక్కడికే వేయించండి.

కోర్టు, ఎండ, ఉప్పుగాలి

స్కూల్లో అయితే పీఈటీ సార్‌ని, కాలనీలో అయితే అసోసియేషన్ వాళ్లని అడిగి రోజులు, వేళలు ముందే ఖాయం చేసుకోండి. సముద్రం పక్కన ఊరు కాబట్టి రింగు బోల్టులకు, స్తంభానికి తుప్పు పడుతుంది. నిచ్చెన వేసుకుని మీ చేత్తో కదిపి చూశాకే పిల్లల్ని కింద నిలబెట్టండి. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక సిమెంటు మీద పాదం జారేలా చేస్తుంది. అందుకే ఈనెల చీపురు కూడా మీ సామానులో ఉండాలి. రోజూ ఇద్దరు పిల్లలకు ఊడ్చే వంతు వేస్తే కోర్టు మనదన్న భావం వస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్న ఆరు నుంచి ఏడున్నర మంచి సమయం. విశాఖ ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి నీళ్లు తాగించండి. ఇంటి దగ్గర చోడి అంబలో, రెండు ఇడ్లీలో తిన్నవాళ్లు ఆడటానికి కనీసం గంట ఎడం ఉండేలా చూడమని తల్లులకు చెప్పండి. ఎవరికైనా తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా ఆ రోజుకు ఆట బందు. నీడ, నీళ్లు, తడిగుడ్డ. మాట తడబడినా, సోలిపోయినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి.

గంట ప్రాక్టీసు ఎలా నడపాలి

మొదటి పది నిమిషాలు ఆటలే. పిల్లలకు ముందే వచ్చిన ఆటల్లో మనకు కావలసినవన్నీ ఉన్నాయి. తలా ఒక బంతి కొట్టుకుంటూ దొంగ–పోలీసు ఆడించండి, తల ఎత్తి డ్రిబ్లింగ్ చేయడం, అంటే బంతిని నేలకు కొట్టుకుంటూ కదలడం, దానంతటదే వస్తుంది. నడుమ మీరు "స్టాచ్యూ!" అనగానే రెండు కాళ్ల మీద ఒకేసారి ఆగాలి. అదే జంప్ స్టాప్. ట్రావెలింగ్ (బంతిని నేలకు కొట్టకుండా పట్టుకుని అడుగులేయడం) తప్పని ఉపన్యాసం అక్కర్లేదు. డిఫెన్స్ నేర్పేటప్పుడు కబడ్డీ గుర్తు చేయండి: మోకాళ్లు వంచి, చేతులు చాచి, కాళ్లు పెనవేసుకోకుండా పక్కకు జరగడం.

తర్వాత పావుగంట ఒకే ఒక్క కొత్త విషయం. నా మటుకు మొదటి నెలంతా లేఅప్ (రింగు దగ్గరికొచ్చి, ఒంటికాలి మీద లేచి బంతి వేయడం) మీద పెట్టమంటాను, ఎందుకంటే బంతి రింగులో పడ్డ సంతోషం పిల్లని మర్నాడు మళ్లీ కోర్టుకు రప్పిస్తుంది. దీన్ని చివరి నుంచి వెనక్కి నేర్పండి. ముందు రింగుకు కుడిపక్కన నిలబడి, ఎడమకాలి మీద లేచి, బోర్డు మీది చిన్న దీర్ఘచతురస్రం పై మూలకు కుడిచేత్తో బంతి తగిలించాలి. అది కుదిరాక ఒక అడుగు వెనక్కి, ఆ తర్వాత రెండడుగులు: "కుడి, ఎడమ, పైకి" అని పిల్లల చేత పైకి అనిపించండి. డ్రిబ్లింగ్ చేస్తూ రావడం ఆఖరున. కాళ్ల లయ కుదరని పిల్లకి కాసేపు బంతి తీసేసి అడుగులే వేయించండి. చాలామందికి ఒక వారంలో కుదురుతుంది, కొందరికి నెల పడుతుంది. ఆ నెల పట్టినవాళ్ల దగ్గరే మీ ఓపిక ఎక్కువ కావాలి.

వరసలో నిలబెట్టక తప్పకపోతే ఒక వరసలో ముగ్గురికి మించి వద్దు. మిగతావాళ్లు గోడ దగ్గర జంటలుగా పాసులు ఇచ్చుకోవాలి. మీరు ఏ విషయమైనా అర నిమిషంలో చెప్పి, ఒకసారి చేసి చూపించి, పక్కకు తప్పుకోండి.

మిగిలిన అరగంట, నీళ్ల విరామాలు పోను, ముగ్గురు–ముగ్గురుగా సగం కోర్టులో ఆడించండి. ఐదుగురు–ఐదుగురు ఆటలో బలమైన ఇద్దరి దగ్గరే బంతి తిరుగుతుంది, చిన్నవాళ్లు ఊరికే పరిగెడతారు.

తల్లిదండ్రులతో, పిల్లల భద్రత గురించి

మొదటి రోజే అనుమతి కాగితం తీసుకోండి: ఫోన్ నంబరు, ఆయాసం, ఫిట్స్ లాంటి జబ్బులు. కడియాలు, గొలుసులు తీయించాలి, గోళ్లు కత్తిరించి ఉండాలి. చీలమండ మడతపడితే తైలం రాసి లాగనివ్వకండి. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టి, కాలు ఎత్తుగా ఉంచండి. నిలబడలేకపోతే ఎక్స్‌రే తీయించాలి.

ఏ పిల్లతోనూ మీరు ఒంటరిగా ఉండే పరిస్థితి రానివ్వకండి. చెయ్యి పట్టి సరిచేయాల్సి వస్తే ముందు అడగండి. ఆడపిల్లలు ఉంటే ఒక తల్లో, మేడమో కోర్టు దగ్గర ఉండేలా చూసుకోండి. పదమూడు దాటగానే ఆడపిల్లలు ఆట మానేయడం నేను చాలాసార్లు చూశాను. దుస్తులు మార్చుకునే చోటు, ఇంటికి చేరే వేళ ఖాయంగా ఉంటే వాళ్లలో కొందరైనా నిలుస్తారు.

"ఆడితే మావోడు పొడుగవుతాడా సార్?" అని తప్పకుండా అడుగుతారు. ఎత్తు ప్రధానంగా తల్లిదండ్రుల నుంచి వస్తుందనీ, తిండీ నిద్రా సాయం చేస్తాయనీ ఉన్నదున్నట్టు చెప్పండి. ఎత్తు పెంచుతామని మాట ఇచ్చి పిల్లల్ని చేర్చుకోకండి.

మొదటి మ్యాచ్

పది నిమిషాల క్వార్టర్లు నాలుగు, మొత్తం 40 నిమిషాలు. కోర్టులో ఎప్పుడూ ఐదుగురు ఉంటారు కాబట్టి మన చేతిలో 200 నిమిషాలున్నట్టు. పన్నెండు మందికి పంచితే తలా 16 నిమిషాలకు కాస్త పైనే. ముందు రాత్రే ఎవరు ఎప్పుడు దిగుతారో కాగితం మీద రాసుకోండి, లేకపోతే స్కోరు చూసి చెయ్యి వణుకుతుంది, బాగా ఆడేవాళ్లనే ఉంచేస్తాం. ఐదు ఫౌళ్లు చేసినవాళ్లు బయటికి రావాలి కాబట్టి ఫౌళ్ల లెక్క రాయడానికి ఒక పెద్ద పిల్లని పక్కన కూర్చోబెట్టుకోండి. మ్యాచ్ అయ్యాక ఆ కాగితం పారేయకుండా దాచండి. అందులో అందరికన్నా తక్కువ నిమిషాలు ఎవరి పేరు ఎదురుగా ఉన్నాయో, సోమవారం ప్రాక్టీసులో మొదటి బంతి వాళ్లకివ్వండి.