షుగర్ అదుపులోకి రావడం లేదా? చిగుళ్లు చూపించుకోండి

మాత్రలు మానలేదు, తిండి మారలేదు, అయినా హెచ్‌బీఏ1సీ (గత 2, 3 నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) దిగడం లేదంటే కారణాల్లో చిగుళ్ల జబ్బు కూడా ఉండొచ్చు. చిగుళ్ల లోతుల్లో నెలల తరబడి సాగే ఇన్ఫెక్షన్ వల్ల వాపు కలిగించే రసాయనాలు రక్తంలో చేరి, ఇన్సులిన్ పనికి అడ్డు తగులుతాయి. అటు షుగర్ పెరిగితే తెల్లరక్తకణాల పోరాటశక్తి తగ్గి చిగుళ్ల జబ్బు ముదురుతుంది. చిగుళ్లకు సరైన వైద్యం చేయిస్తే 3, 4 నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 దాకా తగ్గుతుంది, అంటే 8.4 ఉన్నది 8కి రావచ్చు. ఇది మందులకు తోడే, బదులు కాదు. గుండెజబ్బుతోనూ సంబంధం కనిపిస్తోంది గానీ, చిగుళ్ల వైద్యంతో గుండెపోటు ఆగుతుందని ఇంకా రుజువు కాలేదు.

ఈ జబ్బు చాలాకాలం నొప్పి పెట్టదు, అందుకే ఆలస్యమవుతుంది. తోముకునేటప్పుడు రక్తం, పోని నోటి వాసన, పళ్ల మధ్య కొత్తగా సందులు, పన్ను కదలడం దీని గుర్తులు. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు జబ్బు ముదిరినా రక్తం అంతగా కనిపించదు. రక్తం రావడం లేదు కదా అని వాళ్లు ధీమాగా ఉండకూడదు.

మెత్తని బ్రష్‌ను 45 డిగ్రీల వాలుగా, కుచ్చు సగం చిగురు మీద, సగం పంటి మీద ఆనేలా పెట్టి, చిన్నచిన్నగా కదుపుతూ ఉదయం, రాత్రి 2 నిమిషాల చొప్పున తోమాలి. రక్తం వస్తోందని ఆ చోటు వదిలేస్తారు చాలామంది. అక్కడ పాచి పేరుకుని రక్తం ఇంకా ఎక్కువవుతుంది. పళ్ల సందుల్లోకి బ్రష్ వెళ్లదు కాబట్టి రోజుకోసారి ఫ్లాస్ (సందుల్లో లాగే సన్నని దారం) గానీ, సందులకు వాడే సన్న బ్రష్ గానీ తప్పనిసరి. ఆ సన్న బ్రష్ బలవంతం లేకుండా, కాస్త బిగుతుగా దూరే సైజుదై ఉండాలి. బొగ్గుపొడి, ఇటుకపొడి జోలికి వెళ్లొద్దు, పంటి ఎనామిల్ అరిగిపోతుంది.

ఇలా 2 వారాలు చేసినా రక్తం ఆగకపోతే దంతవైద్యుల దగ్గరికి వెళ్లాలి. పన్ను కదులుతుంటే, చీము వస్తుంటే అన్నాళ్లు కూడా ఆగొద్దు. గట్టిపడిన గార ఏ పేస్టుకూ పోదు. డాక్టర్ సన్నని కొలత పుల్లతో ప్రతి పంటి చుట్టూ లోతు చూస్తారు. 3 మిల్లీమీటర్ల దాకా ఫర్వాలేదు, 4 దాటుతుంటే లోపలి వేరు దాకా శుభ్రం చేయాల్సి రావచ్చు. స్కేలింగ్ (గార తీయడం) చేయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం మనవాళ్లలో బాగా ఉంది. నిజానికి పన్నును వదులు చేసేది గార కింద కరిగిపోయిన ఎముక. గార తీశాక ఆ ఖాళీ బయటపడుతుంది, అంతే.

అపాయింట్‌మెంట్ ఉదయం పూట పెట్టించుకుని, టిఫిన్ తిని, షుగర్ మందు ఎప్పటిలాగే వేసుకుని వెళ్లండి. మందు వేసుకుని ఖాళీ కడుపుతో వెళ్తే కుర్చీలోనే షుగర్ పడిపోవచ్చు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపొద్దు. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నా చెప్పాలి, కొందరికి దానివల్ల కూడా చిగుళ్లు ఉబ్బుతాయి.

వైద్యం పూర్తయిన 3 నెలలకు హెచ్‌బీఏ1సీ చేయించండి. అంతకుముందు చేయిస్తే పాత నెలల షుగర్ కూడా కలిసి తేడా సరిగా తెలియదు. షుగర్ తగ్గిందని మీరే మోతాదు తగ్గించకుండా, ఆ రిపోర్టు మీ డాక్టర్‌కు చూపించండి.