పెద్ద సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడదీయడం: 1,57,79,17,500

క్రీ.శ. 499 ప్రాంతానికి చెందిన ఆర్యభటీయం ప్రకారం ఒక మహాయుగంలో భూమి తన చుట్టూ తాను 1,58,22,37,500 సార్లు తిరుగుతుంది, సూర్యుడు 43,20,000 భగణాలు (నక్షత్రాల మధ్య పూర్తి చుట్లు, ఒక్కొక్కటి ఒక సంవత్సరం) పూర్తి చేస్తాడు. మొదటి సంఖ్యలోంచి రెండోదాన్ని తీసివేస్తే వచ్చే 1,57,79,17,500 ఆ యుగంలోని సావన దినాల సంఖ్య, అంటే ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయం వరకు లెక్కించే రోజులు. ఇంత పెద్ద సంఖ్య అయినా కాగితం, కలం ఉంటే దీన్ని పూర్తిగా విడదీయవచ్చు.

ముందు చివరి అంకెలను చూడాలి. చివర 500 ఉంది కనుక 500తో, అంటే 2² × 5³తో, ఒకేసారి భాగిస్తే 31,55,835 వస్తుంది. దాన్ని మళ్లీ 5తో భాగిస్తే 6,31,167. దీని అంకెల మొత్తం 24, కాబట్టి 3తో భాగం పోతుంది, 9తో పోదు. ఇప్పుడు మిగిలింది 2,10,389.

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. 7, 11, 13లను విడివిడిగా ప్రయత్నించనక్కరలేదు. ఆ మూడింటి లబ్ధం 1001 కనుక, లక్షల కామాలను పక్కనపెట్టి కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి 389లోంచి 210 తీసివేస్తే చాలు. వచ్చిన 179ని ఆ మూడింటిలో ఏదీ నిశ్శేషంగా భాగించదు, కాబట్టి 2,10,389నీ భాగించదు. 17 నుంచి మాత్రం ఒక్కొక్క ప్రధాన సంఖ్యతో ఓపికగా భాగహారం చేయవలసిందే. వర్గమూలం సుమారు 458 కనుక, ఏదీ భాగించకపోతే 457 దాకా వెళ్లాలి. 59 వరకు ప్రతిసారీ శేషం మిగులుతుంది. 61 దగ్గర 3,449 వస్తుంది. 3,449ని అరవైతో గుణించి (2,06,940), ఇంకో 3,449 కలిపి సరిచూసుకోవాలి.

చాలామంది 3,449 ప్రధాన సంఖ్యో కాదో తేల్చడానికి మళ్లీ మొదటి నుంచి భాగహారాలు చేస్తారు. అది వృథా శ్రమ. 3,449 వర్గమూలం 59 కంటే తక్కువ. 59 వరకు ఏ ప్రధాన సంఖ్యా 2,10,389నే భాగించనప్పుడు దాని కారణాంకమైన 3,449ని భాగించే అవకాశమే లేదు. కనుక అది ప్రధాన సంఖ్యే.

1,57,79,17,500 = 2² × 3 × 5⁴ × 61 × 3449.

ప్రతి ఘాతాంకానికీ ఒకటి కలిపి గుణిస్తే, 3 × 2 × 5 × 2 × 2 = 120, మొత్తం కారణాంకాల సంఖ్య తెలుస్తుంది. బేసి ఘాతాంకాలు ఉన్నందున ఇది వర్గసంఖ్య కాదు.

ఈ విభజన వల్ల అన్నిటికంటే విలువైన ప్రయోజనం గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం) దగ్గర కనిపిస్తుంది. 43,20,000 = 2⁸ × 3³ × 5⁴ కనుక రెండింటి గసాభా 2² × 3 × 5⁴, అంటే 7,500. దానితో రెండింటినీ భాగిస్తే 576 సంవత్సరాలకు 2,10,389 రోజులని తేలుతుంది. సంవత్సరానికి సరిగ్గా 365 రోజుల 6 గంటల 12 నిమిషాల 30 సెకన్లు. సమీకరణాలకు పూర్ణాంక సాధనలు కనుక్కునే ప్రాచీన భారతీయ పద్ధతి అయిన కుట్టకానికి ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు కావాలి. ఏడో శతాబ్దపు గణిత శాస్త్రవేత్త మొదటి భాస్కరుడు సూర్యుడి లెక్కలకు తీసుకున్నవి ఈ రెండు సంఖ్యలే.