టైమర్, వర్క్ ఒకదాన్నొకటి లేపుకునే డ్రైవర్‌లో రేస్ ఎలా సరిచేయాలి

లినక్స్ డ్రైవర్ రోజంతా బాగా పనిచేసి, మాడ్యూల్ తీసేటప్పుడు మాత్రం అప్పుడప్పుడు కెర్నల్‌ని పడగొడుతోందంటే నేను రేస్‌ని (ఏ పని ముందు జరిగిందన్న దాన్ని బట్టి పుట్టే బగ్‌ని) అనుమానించి, ముందు రిమూవ్ ఫంక్షన్ (డ్రైవర్‌ని తీసేటప్పుడు నడిచే కోడ్) తెరుస్తాను. లాక్‌ల సంగతి తర్వాత.

ఐటూసీ (చిప్‌లను కలిపే రెండు తీగల బస్) మీద నడిచే టచ్ డ్రైవర్‌నే తీసుకోండి. ఇంటరప్ట్ (పరికరం పంపే సంకేతం) రాగానే హ్యాండ్లర్ వర్క్‌ని (కాసేపటికి విడిగా నడిచే పనిని) క్యూలో పెడుతుంది. వేలు ఇంకా తెర మీదే ఉంటే 20 మిల్లీసెకన్లకు వర్క్ టైమర్ పెడుతుంది. టైమర్ మళ్లీ వర్క్‌ని పిలుస్తుంది.

రిమూవ్‌లో చాలామంది టైమర్ ఆపే డెల్_టైమర్_సింక్ (కొత్త కెర్నళ్లలో దీని పేరు టైమర్_డిలీట్_సింక్), వర్క్ ఆపే క్యాన్సిల్_వర్క్_సింక్, మెమరీ వదిలే కేఫ్రీ అని వరుసగా రాస్తారు. టైమర్ ఆగిన క్షణంలో ఇంకో సీపీయూ మీద వర్క్ నడుస్తుంటే? అది మాడ్_టైమర్ పిలిచి టైమర్‌ని మళ్లీ లేపుతుంది. మనం మెమరీ వదిలేశాక ఆ టైమర్ మోగుతుంది. వరుస తిప్పినా లాభం లేదు, ఈసారి టైమర్ వర్క్‌ని లేపుతుంది.

ముందు బగ్‌ని రప్పించుకోండి. వర్క్‌లో మాడ్_టైమర్‌కి సరిగ్గా ముందు అర సెకను ఆపే ఎంస్లీప్(500) పెట్టి, కాసాన్ (వదిలేసిన మెమరీని ముట్టుకుంటే పట్టిచ్చే కెర్నల్ సాధనం) ఆన్ చేసి కెర్నల్ బిల్డ్ చేయండి. తెర మీద వేలు ఉంచి అన్‌బైండ్ చేస్తే (డ్రైవర్‌ని పరికరం నుంచి విడదీస్తే), మెమరీ ఎవరు వదిలారో, తర్వాత ఎవరు ముట్టుకున్నారో రిపోర్ట్‌లో కనిపిస్తుంది. ప్రింట్‌కేలు (లాగ్‌లో రాసే లైన్లు) నింపి వెతక్కండి, వాటివల్ల టైమింగ్ మారి రేస్ దాక్కుంటుంది.

ఇప్పుడు మందు. 2023లో వచ్చిన 6.2 కెర్నల్ నుంచి టైమర్_షట్‌డౌన్_సింక్ ఉంది. దాని తర్వాత ఎవరు మాడ్_టైమర్ పిలిచినా కెర్నల్ పట్టించుకోదు. కాబట్టి ముందు ఇంటరప్ట్‌ని వదిలే ఫ్రీ_ఐఆర్‌క్యూ, తర్వాత టైమర్ షట్‌డౌన్, ఆపైన క్యాన్సిల్_వర్క్_సింక్, చివర్లో కేఫ్రీ. పాత కెర్నల్ అయితే ‘ఆగిపోతున్నాం’ అనే ఫ్లాగ్ ఒకటి పెట్టి, దాన్ని చూడటం, టైమర్ పెట్టడం రెండూ ఒకే లాక్ కింద జరగనివ్వండి. ఆ లాక్‌నే టైమర్ కాల్‌బ్యాక్ కూడా తీసుకుంటుంటే, అది పట్టుకుని సింక్ ఫంక్షన్ పిలవకండి. డెడ్‌లాక్ (ఒకరి కోసం ఒకరు ఎప్పటికీ ఆగిపోవడం) ఖాయం.

ఇంటరప్ట్‌ని కెర్నలే తనంతట వదిలే డెవ్ఎం_రిక్వెస్ట్_ఐఆర్‌క్యూ వాడితే ఇంకా జాగ్రత్త. ఆ ఇంటరప్ట్ రిమూవ్ ముగిశాకే విడుదలవుతుంది, ఈలోపు వర్క్‌ని మళ్లీ క్యూలో పెట్టగలదు. రిమూవ్ మొదట్లోనే డిజేబుల్_ఐఆర్‌క్యూ పిలవండి.

ఎంస్లీప్ అలాగే ఉంచి బైండ్, అన్‌బైండ్ లూప్‌ని రాత్రంతా తిప్పండి. కాసాన్ నోరెత్తకపోతేనే ఆ ఎంస్లీప్ తీసి ప్యాచ్ పంపండి.