పొద్దున్నే మొరాయించే పాత బండి: మొదటి సెల్ఫ్ కొట్టకముందే చూడాల్సినవి

పాత కారు పొద్దున ఒక్కసారి అందుకుందంటే, అంటే ఇంజన్ నడక మొదలుపెట్టిందంటే చాలు, ఆ తర్వాత రోజంతా తాళం ఇలా తిప్పగానే స్టార్ట్ అవుతుంది. ఆ మొదటిసారి మాత్రం ప్రాణం తీస్తుంది. ఇందులో అసలు చిక్కేంటంటే, బండిని మెకానిక్ దగ్గరికి నడుపుకుంటూ తీసుకెళ్లేసరికి ఇంజన్ వేడెక్కిపోయి ఉంటుంది, అక్కడ ఎన్నిసార్లు తిప్పినా చక్కగా స్టార్ట్ అవుతుంది, దాంతో ఆయన అంచనా మీద ప్లగ్గులో ఫిల్టరో మారుస్తాడు, మర్నాడు పొద్దున మళ్లీ అదే కథ. అందుకే ఈ పరీక్ష రాత్రంతా ఆగి ఉన్న బండి మీద, మీరే చేసుకోవాలి. వోల్టులు, ఓమ్‌లు కొలిచే ఒక మామూలు మల్టీమీటర్, ప్లగ్ స్పానర్, తాళం తిప్పడానికి ఇంకో మనిషి ఉంటే సరిపోతుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్ న్యూట్రల్‌లో పెట్టండి. మూసి ఉన్న షెడ్డులో మాత్రం ఇంజన్ నడపొద్దు, ఆ పొగ నిజంగానే ప్రాణాంతకం.

ముందు చెవితో మొదలుపెట్టండి. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ బరువుగా, ఈడ్చుకుంటూ తిరుగుతోందా? జోరుగానే తిరుగుతున్నా అందుకోవట్లేదా? అందుకుని రెండు క్షణాల్లో ఆగిపోతోందా? ఈ మూడూ మూడు వేర్వేరు జబ్బులు. ఏదన్నది తేల్చుకోకుండా ఒక్క పార్టు కూడా కొనొద్దు.

బరువుగా తిరుగుతుంటే కరెంటు వైపు చూడాలి. తాళం పెట్టకముందే బ్యాటరీ మీద మీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగం. కానీ ఈ ఒక్క అంకె చూసి బ్యాటరీ బాగుందనుకోవద్దు, సెల్ఫ్ తిరుగుతుండగా ఎంతకు పడుతోందన్నదే ముఖ్యం. 9.6 కన్నా కిందకి పడిపోతుంటే బ్యాటరీ బలం తగ్గిందనో, లేదా సెల్ఫ్ మోటారే ఎక్కువ కరెంటు లాగుతోందనో అర్థం. చలికి బ్యాటరీ శక్తి తగ్గుతుంది, అదే సమయంలో ఆయిల్ చిక్కబడి ఇంజన్ తిరగడానికి ఇంకా ఎక్కువ బలం కావాలి, కాబట్టి మధ్యాహ్నం బయటపడని బలహీనత తెల్లవారుజామున బయటపడుతుంది. కంపెనీ చెప్పినదానికంటే చిక్కటి ఆయిల్ పోసి ఉన్నా ఇలాగే ఈడుస్తుంది.

చాలామంది వదిలేసేది ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజన్‌కి వెళ్లే దారి. మీటర్ ఒక వైరు బ్యాటరీ నెగటివ్ గుబ్బ మీద, రెండోది ఇంజన్ బ్లాకు మీద శుభ్రమైన ఇనుము తగిలేలా పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో తుప్పో, వదులైన బోల్టో ఉన్నట్టే. నా బండికి బ్యాటరీ మార్చాక, ప్లగ్గులు మార్చాక, చివరికి దొరికింది ఇదే. ఎర్త్ కేబుల్ చివర విప్పి గరుకు కాగితంతో రుద్ది బిగించాను, అంతే. అప్పటినుంచి ఎవరు అడిగినా ఈ పరీక్షే ముందు చేయమని చెప్తాను.

జోరుగా తిరిగినా అందుకోకపోతే, కాసేపు తిప్పి వెంటనే ఒక ప్లగ్ విప్పి చూడండి. అది పెట్రోలుతో తడిసి ఉంటే ఇంధనం వస్తోంది, మంట అంటుకోవట్లేదు. ప్లగ్ గ్యాప్, ప్లగ్గులకు వెళ్లే హైటెన్షన్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది) ఉంటే దాని మూతలో చెమ్మ, పగుళ్లు చూడాలి. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కారుతున్నా ప్లగ్ తడుస్తుంది, అప్పుడు అందుకోగానే నల్లపొగ, పెట్రోలు వాసన వస్తాయి. పొడిగా ఉంటే పెట్రోలే చేరట్లేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో దీనికి ఒక తేలికైన పరీక్ష ఉంది: సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ చేయండి, పంపు రెండు క్షణాలు గుయ్‌మని ఆగుతుంది, తాళం ఆపి మళ్లీ ఆన్ చేయండి, ఇలా మూడుసార్లు చేశాక సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుందనుకోండి, రాత్రి లైనులో ప్రెషర్ దిగిపోతోందని దాదాపు తేలినట్టే. పంపులోని వాల్వో, ప్రెషర్ రెగ్యులేటరో, కారే ఇంజెక్టరో దానికి కారణం.

ఇవన్నీ బాగుంటే చూడాల్సింది కూలెంట్ టెంపరేచర్ సెన్సర్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం వేడిని కొలిచేది. ఇది చల్లటి ఇంజన్‌ని వేడిగా ఉందని బండిలోని కంప్యూటర్‌కి చెప్తే, కావాల్సినంత పెట్రోలు పోయదు. ఆ కంప్యూటర్‌లోని అంకెలు చూపించే స్కానర్ దొరికితే పొద్దున సెల్ఫ్ కొట్టకముందు కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి పీల్చే గాలి ఉష్ణోగ్రత పక్కపక్కన చూడండి, రాత్రంతా ఆగిన బండిలో రెండూ ఇంచుమించు ఒకటే ఉండాలి. కార్బురేటర్ బండైతే ఎయిర్ ఫిల్టర్ తీసి చోక్ లాగి, గాలిని తగ్గించే ఆ రేకు పూర్తిగా మూసుకుంటోందో లేదో కళ్లారా చూడండి. ఇంజన్ ఆపే ఉంచి యాక్సిలరేటర్ ఒకసారి తొక్కితే లోపల పెట్రోలు సన్నగా చిమ్మాలి.

అందుకుని ఆగిపోతూ, కాలు యాక్సిలరేటర్ మీద ఉంచితేనే నిలబడుతుంటే ఇంజన్‌లోకి గాలిని వదిలే ఐడిల్ వాల్వు, థ్రాటిల్ బాడీ మసి పట్టాయేమో చూసి శుభ్రం చేయండి.

డీజిల్ బండికి, స్టార్ట్ చేసేముందు సిలిండర్ లోపల వేడిచేసే హీటర్ ప్లగ్గులే మొదటి అనుమానం. వైరు తీసి ఒక్కోదానికీ ఓమ్‌లు చూస్తే సాధారణంగా రెండు లోపే చూపిస్తుంది, మీటర్ అసలు కదలకపోతే అది కాలిపోయినట్టే. సెల్ఫ్ కొట్టేటప్పుడు తెల్లపొగ వస్తుంటే డీజిల్ సిలిండర్‌లోకి వస్తోంది కానీ మండట్లేదని అర్థం. పొగే లేకపోతే డీజిల్ రావట్లేదు, లైనులోకి గాలి దూరుతోందేమో చూడాలి. డీజిల్ లైను మీదుండే చేతిపంపు నాలుగు నొక్కులు నొక్కాక స్టార్ట్ అయిందంటే ఆ అనుమానం గట్టిపడుతుంది. హీటర్ ప్లగ్గులున్న ఇంజన్‌లోకి స్టార్టింగ్ స్ప్రే మాత్రం కొట్టొద్దు, అందులోని ఈథర్ ముందే పేలి పిస్టన్లు పగలొచ్చు.

ఏ బండైనా సెల్ఫ్ ఒక విడతకు పది సెకన్లు మించొద్దు, మధ్యలో ఒక నిమిషమైనా మోటార్‌ని చల్లారనివ్వండి. ఇన్నీ చూశాక కూడా తేలకపోతే మిగిలింది కంప్రెషన్, అంటే సిలిండర్ లోపల గాలి నొక్కుకునే ఒత్తిడి, అది గేజ్ ఉన్నవాళ్లే చూడాలి. అప్పుడు బండిని సాయంత్రమే మెకానిక్ దగ్గర వదిలేసి, మీరు కొలిచిన వోల్టులు, విన్న శబ్దం, చూసిన పొగ రంగు ఒక కాగితం మీద రాసిచ్చి, పొద్దున మొదటి సెల్ఫ్ ఆయన్నే కొట్టమనండి.