పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి బయల్దేరే ముందు జాగ్రత్తలు

• బీపీ, షుగర్, డిప్రెషన్... దేనికి మందులు వాడుతున్నా దరఖాస్తులో రాయండి, దాచొద్దు. ధ్యానం చేస్తున్నామని మాత్రలు ఆపేయడం చాలా ప్రమాదం. మానసిక సమస్య ఉంటే ముందు మీ డాక్టర్‌ను అడిగాకే పేరు ఇవ్వండి.

• వచ్చే రోజు, వెళ్లే రోజు కలిపితే 12 రోజులు. సెలవు, మాత్రలు ఆ లెక్కన చూసుకోండి.

• మధ్యాహ్నం తర్వాత భోజనం ఉండదు. కొత్తవాళ్లకు సాయంత్రం టీ, పండ్లు మాత్రమే. షుగర్ ఉన్నవాళ్లు ఈ విషయం నిర్వాహకులతో ముందే మాట్లాడాలి.

• ఫోన్ అక్కడ అప్పగించాలి. ఇంట్లో కేంద్రం నంబర్ ఇచ్చి వెళ్లండి, లేకపోతే అమ్మానాన్నలకు టెన్షన్.

• ఉదయం 4కే లేవాలి. వారం ముందు నుంచే అలవాటు చేసుకోండి.

• మోకాళ్ల నొప్పులా? మొహమాటం లేకుండా కుర్చీ అడగండి.

• వదులు బట్టలు, దుప్పటి, టార్చ్.