జర్మనీలో సెకండ్ హ్యాండ్ కోంబి కొంటున్నారా, ముందు డిక్కీ తెరవండి

ఇక్కడ పిల్లలు పుట్టాక మనవాళ్ళందరి కళ్ళూ కోంబి మీదే పడతాయి, అదే వెనక డిక్కీ పొడుగ్గా ఉండే స్టేషన్ వ్యాగన్. ఊర్నుంచి అమ్మానాన్న వస్తే నాలుగు పెద్ద సూట్‌కేసులు, పిల్లల బండి, బియ్యం బస్తా అన్నీ అందులో పట్టేస్తాయి. కొత్తది కొనే స్తోమత లేక పదేళ్ళు దాటిన పస్సాట్, ఆక్టావియా, బీఎండబ్ల్యూ టూరింగ్, బెంజ్ టీ-మోడల్ చూస్తాం. కానీ కొత్తప్పుడు 60 వేల యూరోలున్న కారు ఇప్పుడు 8 వేలకి వస్తోందంటే తగ్గింది కారు రేటే, దాని పార్టుల రేటూ మెకానిక్ గంట కూలీ ఏమీ తగ్గలేదు.

అందరూ ముందు బానెట్ ఎత్తుతారు, నేనైతే డిక్కీ నుంచి మొదలుపెట్టమంటాను. నేను చూడ్డానికి వెళ్ళిన ఒక కారు కడిగి తళతళలాడుతోంది, లోపల ఘాటుగా సెంటు వాసన. డిక్కీ కార్పెట్ ఎత్తి స్పేర్ టైరు గుంతలో చెయ్యి పెడితే వేళ్ళకి నీళ్ళు తగిలాయి, పక్కనే వైర్ల ప్లగ్గు మీద ఆకుపచ్చగా తుప్పు. ఇంక ఇంజన్ చూడకుండానే వచ్చేశాను. గ్లాస్ రూఫ్ ఉన్న కార్లలో వాననీళ్ళు దిగే సన్న పైపులు మట్టితో, ఆకులతో పూడుకుపోతే ఆ నీళ్ళన్నీ లోపలికే వస్తాయి, 2004-2010 నాటి 5 సిరీస్ టూరింగ్‌లో అయితే కొన్ని ఎలక్ట్రానిక్ బాక్సులు ఆ డిక్కీ అడుగునే ఉంటాయి, తడిస్తే ఎప్పుడు ఏది పనిచేస్తుందో ఏది ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు. డిక్కీ తలుపు కూడా పదిసార్లు తెరిచి మూయండి, కీలు దగ్గర వైర్లు వంగి వంగి తెగిపోతాయి, వెనక వైపర్, నంబర్ ప్లేట్ లైటు, లాక్ అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూడండి.

తర్వాత ఎయిర్ సస్పెన్షన్. బీఎండబ్ల్యూ 5 సిరీస్ టూరింగుల్లో చాలావాటికి, బెంజ్ ఈ-క్లాస్ టీ-మోడల్లో వెనక స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు సంచులుంటాయి. రబ్బరు పాతబడి పగిలితే గాలి కారుతుంది, దాన్ని నింపడానికి కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి అదీ కాలిపోతుంది. అందుకే పొద్దున్నే వెళ్ళండి, స్టార్ట్ చేసి ఉంచొద్దని అమ్మేవాళ్ళకి ముందే చెప్పండి. రాత్రంతా నిలబడ్డ కారు వెనక ఒక పక్కకి కుంగి ఉందంటే గాలి కారుతున్నట్టే. ట్రైలర్ కొక్కెం ఉంటే ఏం లాగారో అడగండి, ఏళ్ళ తరబడి క్యారవాన్ లాగిన కారు క్లచ్, వెనక సస్పెన్షన్ బాగా అరిగి ఉంటాయి.

ఇప్పుడు ఇంజన్. బానెట్ మీద చెయ్యి పెట్టండి, వేడిగా ఉంటే మీరు రాకముందే తిప్పారన్నమాట. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు గొలుసు గలగలలాడినట్టు చప్పుడొస్తే వద్దు. 2007-2011 మధ్య వచ్చిన బీఎండబ్ల్యూ 2 లీటర్ డీజిల్‌లో ఆ గొలుసు, అంటే టైమింగ్ చైన్, ఇంజన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది, మార్చాలంటే మామూలుగా ఇంజనే కిందికి దించాలి. ఫోక్స్‌వాగన్ టీఎస్ఐ, ఆడీ టీఎఫ్ఎస్ఐ అనే 1.8, 2.0 లీటర్ల పెట్రోల్ ఇంజన్లలో 2008-2011 ప్రాంతంలో వచ్చినవి ఆయిల్ బాగా తాగుతాయి, పిస్టన్ రింగులు సరిచేయకపోతే పోస్తూనే ఉండాలి. ఫోక్స్‌వాగన్ గ్రూపు కార్లలో వచ్చే డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటే 6 గేర్లదానికి 60 వేల కిలోమీటర్లకోసారి గేర్ ఆయిల్ మార్చిన బిల్లు అడగండి, చిన్న ఇంజన్లకి వచ్చే 7 గేర్ల డ్రై క్లచ్‌దైతే ట్రాఫిక్‌లోలాగా మెల్లగా పాకించి చూడండి, వణికిందంటే ఖర్చే. డీజిల్ వద్దని అననుగానీ రోజూ ఐదు కిలోమీటర్లు ఆఫీసుకి వెళ్ళొచ్చేవాళ్ళకి వద్దనే అంటాను, పొగలోని మసిని పట్టే ఫిల్టర్ మూసుకుపోతుంది. స్టుట్‌గార్ట్‌లో 2019లో పాత డీజిళ్ళకి రోడ్డు ఆంక్షలు కూడా పెట్టారు.

కాగితాల విషయంలో, కొత్తగా త్యూఫ్ (కారుకి తప్పనిసరిగా చేయించే భద్రతా తనిఖీ) అయిందని సంబరపడకండి, అది ఆ రోజుకి రోడ్డు మీద భద్రంగా నడుస్తుందని మాత్రమే, గేర్‌బాక్స్ అరిగిందో లేదో అందులో ఉండదు. అయితే పాత త్యూఫ్ రిపోర్టులు అడిగి తీసుకోండి, వాటిల్లో అప్పటి కిలోమీటర్లు రాసుంటాయి, మీటర్ వెనక్కి తిప్పారేమో వరసగా పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

అడ్వాన్స్ ఇవ్వకముందే మనకి తెలిసిన వర్క్‌షాప్‌లోనో, ఏడీఏసీ అనే వాహనదారుల క్లబ్బులోనో కారుని లిఫ్ట్ ఎక్కించి కింద చూపించండి, ఒప్పుకోకపోతే అక్కడితో వదిలేయండి. డీలర్ దగ్గర కొంటే పాతదానికైనా మామూలుగా లోపాలకి కనీసం ఏడాది అతని బాధ్యత ఉంటుంది, ప్రైవేటు మనిషైతే ఒప్పందంలో బాధ్యత లేదని ఒక్క లైను రాసేస్తాడు, కాబట్టి అక్కడ కొనేటప్పుడు కారు డబ్బులు కాక ఇంకో 1,500 యూరోలు పక్కన పెట్టుకుని వెళ్ళండి.